జంగమస్థావర సంవాదము

హైదరాబాదు నగరపు బేగంపేటలో, పాయిగా వంశీయుఁడైన సర్ వికారుల్ ఉమ్రా సంకల్పింపఁగా, 1902లో ఆయన కాలధర్మము నొందిన పిదప 1906 నాఁటికి ముగిసిన మసీదొకటి కలదు. ఈ నగరమునందలి మసీదులకెల్ల గుమ్మటములును మీనారులును అలంకారములు కాఁగా, దీనికి మాత్రము మొనదేలిన శిఖరములు; క్రొత్తగాఁ జూచువారు చర్చియని భ్రమపడుటయుఁ గలదు. ఆ నవాబు ఐరోపా సంచారమున స్పెయిను దేశమునందలి కార్డోవా మహామసీదును జూచి, లోపలి కమానుల వరుస మనస్సున నాటుకొనఁగా, మరలివచ్చి తన యూర ఈ నిర్మాణమునకుఁ బూనుకొనెనని ప్రసిద్ధి. అందుచే జనులు దీనిని స్పానిషు మసీదందురు.

ఈ మసీదునకుఁ గూఁతవేటు దూరమున నివసించు ఇరువురు బంధువులు, బావయు బావమఱఁదియు, యాత్రావిషయమున జరిపిన వాదమునకు నేను శ్రోతనైతిని. మఱఁది బ్యాంకుద్యోగమునుండి విరమించి ఇటీవలనే సిసిలీ ద్వీపతీరము చుట్టివచ్చినవాఁడు. బావ భీమునిపట్టణమునఁ బుట్టి, విశాఖపట్టణపు ఓడరేవు కచేరీలో లెక్కలు వ్రాసి, కుమారుని యింట బేగంపేట చేరినది మొదలు ఊరు కదలనివాఁడు. వారి పేళ్లు వ్రాయుట ఉచితము కాదు గనుక మఱఁదిని జంగముఁడనియు, బావను స్థావరుఁడనియుఁ బిలిచెదను. వారి మాటలలోని కోపమును కొంత తగ్గించితినే గాని అర్థమును మార్చలేదు.

జంగముఁడు: బావగారూ, మీరు ప్రతిదినము సాయంకాలము ఆ మసీదు ప్రక్కనుండియే కదా నడచి వత్తురు! ఆ శిఖరములు కంటఁబడినప్పుడైనను, గడపదాటి పోయినవాఁడు ఊరికేదో యొకటి తెచ్చునన్న మాట మీకు తోఁపదా? హైదరాబాదు దివానైన ప్రథమ సాలార్‌జంగు 1876లో రోము నగరమునకుఁ బోయినందుననే కదా బెంజోనీ చెక్కిన ముసుఁగు రెబెక్కా నేఁడు మన మ్యూజియమున నిలిచి, ఆ ముసుఁగు రాయియా వస్త్రమా యని బడిపిల్లలచేఁ బందెములు వేయించుచున్నది! నేను సిరాక్యూసు పట్టణమునఁ జూచినదానిని చెప్పెదను, వినుఁడు. ఆ యూరి ప్రధానమైన చర్చిని ఎదుటనుండి చూచిన, 1693 నాఁటి భూకంపమునకుఁ బిమ్మటఁ గట్టిన ముఖభాగము మాత్రమే కనఁబడును. సంగతి తెలియనివాఁడు అంతయుఁ జూచితిననుకొని ఎదుటి కాఫీ దుకాణములోఁ గూర్చుండును. లోనికిఁ బోయి ప్రక్కగోడను నిదానించి చూడవలెను. గోడలో సగము మునిఁగి, సగము వెలికిఁ బొడుచుకొనివచ్చి, నిలువుగాడులు తీర్చిన లావు స్తంభములు వరుసగా నిలిచియుండును. అవి క్రీస్తునకుఁ బూర్వము అయిదవ శతాబ్దిలో గ్రీకులు అథీనాదేవికిఁ గట్టిన గుడి స్తంభములు. క్రీస్తు శకము ఏడవ శతాబ్దిలో క్రైస్తవులు వానిని పడఁగొట్టక, నడుమ నడుమ గోడలు పెట్టి చర్చి చేసికొనిరి. అరబ్బులు ఏలినన్నాళ్లు అదియే మసీదు. నార్మనులు వచ్చి మరలఁ జర్చి చేసిరి. నేను పోయిననాఁడు ముదుసలి యొకతె ఆ స్తంభమున కానుకొని కూర్చుండి జపమాల త్రిప్పుకొనుచుండెను. ఆమెకుఁ జరిత్రతోఁ బనిలేదు, వీపునకుఁ జేరగిలఁబాటు కావలెను. గడచిన రెండువేలయేండ్లలో అట్లు కాఁపురము చేయుచున్న ఊరినిఁ జూచుటకుఁ గదా నేను పోయినది!

స్థావరుఁడు: బాగున్నదోయి. నవాబు పోయి మసీదు తెచ్చెను, దివాను పోయి రెబెక్కాను దెచ్చెను, నీవు పోయి సెల్‌ఫోను నిండ బొమ్మలు తెచ్చితివి. వానిలో సగమింటికి నీ మొగమే అడ్డము. కోపము తెచ్చుకొనకుము. లెక్కలు వ్రాసి బ్రతికినవాఁడను గనుక జమతోఁబాటు ఖర్చునుగూడఁ జూచుట నా యలవాటు. 2024 వేసవిలో నీవు పొగడు ద్వీపముననే, అగ్రిజెంతో పట్టణమున, నీళ్లకు వంతులు పెట్టిరి. వచ్చిన అతిథులకు స్నానమునకు నీరు చాలదని బసయిండ్లవారు కొందఱు వారిని త్రిప్పిపంపిన వార్త పత్రికలలోఁ బడినది. ఆ యేడే స్పెయినువారి మయోర్కా ద్వీపమున స్థానికులు వీథులకెక్కి, ఇండ్లన్నియు యాత్రికుల బసలైపోయి కాఁపురమున్నవారికి అద్దెకు గది దొరకకున్నదని మొఱపెట్టుకొనిరి. నీ జపమాల ముదుసలికి ఆ స్తంభము ఇంకెన్నాళ్లు దక్కునో యోచించితివా? ఊరు బ్రతుకుటఁ జూడఁబోయినవారు వేలకొలఁది యైనచో, ఊరు వారికిఁ గనఁబడుటకొఱకే బ్రతుకును.

జంగముఁడు: నీళ్ల కఱవునకు వాన కురియకపోవుటయుఁ బాతగొట్టములు కారిపోవుటయు ముఖ్యకారణములు, యాత్రికుఁడు దానిని పెంచెననుఁడు, ఒప్పుకొందును. ఇఁక మీ యూరిమాట యేమి? యాత్రికుఁడు రానందున భీమునిపట్టణమునకుఁ గలిగిన మేలేమి? పదునేడవ శతాబ్దిలోనే డచ్చివారు వచ్చి వర్తకస్థానమేర్పఱచుకొని, 1825లో ఇంగ్లీషువారి కప్పగించువఱకు నిలిచిన యూరు. 1861లోనే పురపాలకసంఘము గల యూరు. గోస్తనీనది సముద్రమునఁ గలియు చోట, కొండవాలున, ఎండకుఁ దెల్లనై వెలుఁగు ఊరు. ఇన్ని యుండియు, నేను ఆ డచ్చి సమాధులఁ జూడఁబోయిననాఁడు మొనదేలిన ఆ యిటుక కట్టడముల గార పెచ్చులూడి, శిలాఫలకములపై అక్షరములను వ్రేలితోఁ దడవి చదువుకొనవలసి వచ్చెను. అవే సమాధులు సిసిలీతీరమున నుండినచో ప్రతిదానికి నొక పలక, పలక చదివించుటకొక మనిషి, ఆ మనిషికి నొక జీతము నుండెడివి.

స్థావరుఁడు: యాత్రికుఁడు రాక మా యూరు చెడలేదు, ఓడ రాక చెడినది. ఇది నీకుఁ దెలియకపోవుట తప్పు కాదు, ఈ సంగతి పలకలపై వ్రాయరు. మా యూరికి లోతైన రేవెన్నఁడును లేదు. పొగయోడలు దూరముననే లంగరు దించెడివి; నువ్వులు, కరక్కాయలు, గోఁగునార కట్టలు మసూలా పడవలలోఁ గెరటములు దాఁటించి ఓడకు చేర్చెడివారు. ఆ పడవలకు ఇనుపమేకు లేదు. పలకలను కొబ్బరిత్రాటితోఁ గుట్టెదరు. మేకులు కొట్టిన పడవ కెరటమునకుఁ బగులును, కుట్టిన పడవ కెరటముతోఁబాటు వంగి లేచును. మా గోఁగునారకు లోకపు విపణిలో మా యూరి పేరనే బిమ్లీ జూటన్న పేరు నిలిచిపోయినది. గోస్తని యొడ్డున చిట్టివలస మిల్లు నడచినంతకాలము ఆ నారయే వేలకుటుంబములకుఁ గూడు.

ఇచ్చట స్థావరుఁడు కుట్టుపడవలను గూర్చి చెప్పినదంతయు వ్రాసినచో గ్రంథము పెరుఁగును. త్రాటిపేట నెక్కడ ముడివేయవలెనో చేతివ్రేళ్లతోఁ జూపుచు ఆయన చాలసేపు వాదమునే మఱచిపోయెనని మాత్రము చెప్పుదును.

స్థావరుఁడు: మద్రాసు కలకత్తా రైలుమార్గము మమ్ములను విడిచి విజయనగరము మీఁదుగాఁ బోయినప్పుడే మొదటి దెబ్బ. 1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెఱచుట రెండవ దెబ్బ. ముప్పది కిలోమీటర్ల దూరమున ఓడ ధక్కానానుకొని నిలుచుచుండఁగా, కెరటములు దాఁటి సరకు మోయించువాఁడెవఁడు? నేను ఆ రేవు కచేరీలోనే జీతము తిని బ్రతికితిని గనుక, నా యూరిని ముంచినవారి ఉప్పే తింటినని చెప్పినను చెల్లును. వర్తకము పోయి చచ్చిన యూరిని వినోదముతో బ్రతికింతునన్న నాకు నమ్మకము చాలదు. వర్తకమునకు వచ్చినవాఁడు ఊరివానితో బేరమాడును, భాష నేర్చును, చచ్చిన ఆ మట్టిలోనే పూడ్చఁబడును. వినోదమునకు వచ్చినవాఁడు సాయంకాలమునకు హోటలునకుఁ బోవును.

జంగముఁడు: పోయిన ఓడ మరల రాదు కదా! అంతవఱకు ఊరి కుఱ్ఱవాండ్రు ఏమి తిని బ్రతుకవలెను? మీ యూరి త్రోవలోనే తొట్లకొండయున్నది. 1976లో నౌకాదళమువారు తమ స్థావరముకొఱకు పరిశీలన జరుపుచుండఁగా బయల్పడి, 1988 మొదలు 1993 వఱకు పురావస్తుశాఖవారు త్రవ్వఁగా స్తూపము, భిక్షువుల గదులు, రాతిలోఁ దొలిచిన నీళ్లతొట్లు వెలికివచ్చినవి. అందే రోమనుల వెండినాణెములు దొరకినవి. మధ్యధరాసముద్రపు వెండి మన కొండకెక్కిన దెట్లు? ఎవరో యొకరు దూరమునుండి వచ్చినందున! క్రీస్తు శకము మొదటి శతాబ్దిలో వ్రాయఁబడిన గ్రీకు నావికుల గ్రంథమగు పెరిప్లసున మన తీరమునకు మసలియా యని పేరు. ఇచ్చట సన్నబట్టలు విస్తారముగా నేయుదురని దానిలో నున్నది. ఆ నాఁడు వారు రాఁదగును, ఈ నాఁడు మనము పోఁదగదా? వారు మరల రాఁదగదా?

స్థావరుఁడు: వారు ఋతుపవనము వీచువఱకుఁ గాచి, ప్రాణమునకుఁ దెగించి, బట్టకు వెల యిచ్చి పోయిరి. నీవు విమానపు టిక్కెట్టునకు వెల యిచ్చితివి. చూచుటయన్న ఏనుగుల వీరాస్వామయ్యది: 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, మన హైదరాబాదు మీఁదుగాఁ బోయి, మఱుసటియేఁడు తూర్పుతీరపు త్రోవన మరలుచు, ఏ మజిలీలో మంచినీళ్లు దొరకునో, ఏ యూర దిగుటకు వసతి కలదో వ్రాసిపెట్టెను. వెనుకవచ్చువాని మేలుకోరి చూచినవాఁడాయన.

జంగముఁడు: ఆయన యింటఁ గూర్చుండి వ్రాయలేదు గదా బావగారూ!

ఈ దెబ్బ తగిలినది. స్థావరుఁడు చాలసేపు పలుకలేదు. తరువాత ఆయన ఎత్తుకొన్న ప్రసంగము నా యభిప్రాయమున ఈ వాదమంతటికిని గుండెకాయ.

స్థావరుఁడు: సరే, పోయినవారివలన జరిగినది చెప్పెదను. మా ఎఱ్ఱమట్టి దిబ్బలు నీవు చూచితివి కదా! సముద్రము ఇప్పటికంటె మిక్కిలి వెనుకకుఁ దొలఁగియున్న హిమయుగకాలమున బయల్పడిన ఇసుకను గాలియు నీరును తీరమునకుఁ జేర్చి ప్రోవువెట్టెననియు, ఆ రేణువులకుఁ బట్టిన ఇనుపత్రుప్పే ఆ యెఱుపనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వేలయేండ్లుగా వాన ఆ దిబ్బలను కోసికోసి గండ్లు చేసినది. ఒక్కొక్క గండి ఇరుకై, రెండు ప్రక్కల నిలువుగోడలై, క్రిందనుండి తల యెత్తిన ఆకాశము పట్టెడంత కనఁబడును. గోడను గోటితో గీసిన పొడి రాలును. అది రాయి కాదు, బిగిసిన ఇసుక. వానకుఁ గరఁగి, వేళ్లచేత నిలిచి, ఈ రెంటి నడుమ ఏ పూఁటకాపూఁట ఉనికిని నిలుపుకొను వస్తువది. భారత భూగర్భ సర్వేక్షణశాఖవారు దానిని కాపాడఁదగిన భూవారసత్వమని గుర్తించిరి. 2025లో తిరుమల కొండలతోఁగూడ యునెస్కోవారి తాత్కాలిక జాబితాకెక్కినది. ఇంతటి వస్తువును చూడవచ్చినవారేమి చేసిరి? గట్ల అంచులమీఁద నిలిచి బొమ్మలు తీసికొనిరి. అంచు విఱిగి పడెను. గోడలపై తమ పేళ్లును తమ ప్రేయసుల పేళ్లును చెక్కిరి. సినిమావారు వచ్చిరి. రోడ్డు వచ్చెను, రోడ్డు వెంట గజాల లెక్క వచ్చెను, దిబ్బల సమీపమున యంత్రములతోఁ ద్రవ్వుచున్నారని 2024లో పత్రికలు గగ్గోలు పెట్టవలసి వచ్చెను. యాత్రికుఁడు మొదట, వానికొఱకు రోడ్డు తరువాత, రోడ్డు చూచి ప్లాట్లు ఆ తరువాత. దీనిలో ఏ మెట్టు దాఁటక ఆఁగునో నీవు చెప్పఁగలవా?

జంగముఁడు: రెండవ మెట్టున ఆఁగును. ఆఁగినచోటు నేను కన్నులారఁ జూచితిని. సిసిలీ వాయవ్యతీరమున స్కొపెల్లో యను చిన్నయూరికిని శాన్ వీతో యను రేవునకును నడుమ కొండలు నిట్టనిలువుగా సముద్రమున దిగును. ఆ నడుమ తీరము వెంట రోడ్డు వేయఁబూనిరి. పని మొదలుపెట్టి కొండలో సొరంగముగూడఁ దొలిచిరి. 1980 మే నెల 18వ తేదీన జనులు కూడి, ఆ రోడ్డు వలదని, కాలినడకను ఆ తీరము వెంటఁ బోయిరి. మఱుసటి యేఁడు శాసనమైనది. జింగరో యను ఆ ప్రదేశము సిసిలీలో మొదటి రక్షితప్రకృతివనమైనది. నేఁటికిని సుమారేడు కిలోమీటర్ల ఆ తీరమున కారు పోవు త్రోవలేదు. పొట్టియీఁత వంటి చెట్లు గుబురుగాఁ బెరిఁగి, వాని నడుమ కాలిబాట. ఆ యాకులతో నచ్చటివారు త్రాళ్లును చీపుళ్లును అల్లుకొనెడివారట. ఆ సొరంగమున్నదే, దానిలోనుండి మనము నడచి లోనికిఁ బోవలెను.

స్థావరుఁడు: ఏ సొరంగము? ఆ రోడ్డు కొఱకుఁ దొలిచినదా?

జంగముఁడు: అదే.

స్థావరుఁడు: అట్లయిన నా వాదమును నీవే గెలిపించితివి గదటోయి! అంతదూరము పోయి నీవు చూచినవానిలో నెల్ల మేలైనది, వేయని రోడ్డు. ఆ జనులు యాత్రికులను బిలుచుటకుఁ గాదు, రాకుండఁ జేయుటకు నడచిరి. సిరాక్యూసు స్తంభములు పడఁగొట్టనందున నిలిచినవి, జింగరో త్రవ్వనందున నిలిచినది. చేయకుండుటవలన దక్కినదానికి నీవు టిక్కెట్టు పెట్టి పోయి, చేయవలెనని మాకు బోధించుచున్నావు.

జంగముఁడు: ఒక్కమాట విడిచిపెట్టితిరి. నడచినవారెవరు? ఆ తీరమును అంతకుముందు నడచియుండినవారు. గొఱ్ఱెలఁ దోలుకొనినవారు, కొండలెక్కు సరదాగలవారు, పక్షులఁ జూడఁబోవువారు, పట్టణములనుండి సెలవునాఁడు వచ్చి ఆ చెట్ల నీడన భోజనము చేసిపోయినవారు. చూడనివానికి ఆ చోటు పటమున నొక గీఁత. గీఁతకొఱకెవఁడును ఎండలో నడువఁడు. మీ దిబ్బలకడ యంత్రము పెట్టిననాఁడు గగ్గోలు పెట్టినవారెవరు? బేగంపేటలో వరండాలోఁ గూర్చున్న మీరా? అచ్చటికి వారము వారము పోవు విశాఖవారు, భూగర్భశాస్త్రము చదువు విద్యార్థులను వెంటఁబెట్టుకొని పోవు ఉపాధ్యాయులు. జనులను పోవలదని మీరు కట్టడిచేసినచో, ఆ దిబ్బలను ప్రేమించువాఁడొక్కఁడును మిగులఁడు. గజాల లెక్క వేయువాఁడు మాత్రము తప్పక పోవును. వానికి వినోదముతోఁ బనిలేదు గదా!

ఈ మాటకు స్థావరుఁడు బదులు చెప్పలేఁడని నేననుకొంటిని. ఆయన నాకంటెఁ దెలివిగలవాఁడు.

స్థావరుఁడు: ఒప్పుకొందును, సగము. కాని నీవు చెప్పిన ఆ నడచినవాఁడు వేఱు, మన రోడ్డుమీఁద కారాపి, దిబ్బ నెక్కి, బొమ్మ తీసికొని, అరగంటలో వేయించిన చేఁపల దుకాణమునకుఁ బోవువాఁడు వేఱు. వీఁడుగూడ ఊరేగింపు తీయవచ్చును. కారు నిలుపుటకుఁ జోటు చాలదని తీయును. నీకు నిజముగా దిబ్బలపైఁ బ్రేమించువారు కావలెనన్న, వారిని రోడ్డు మీఁదనుండి తీసికొనిపోకుము. సర్కారువారితో మాటాడునప్పుడు మెట్లును, అద్దాల వంతెనయును, రంగుదీపములును అడుగకుము.

జంగముఁడు: మఱి యేమడుగవలెను?

స్థావరుఁడు: కావలివానికి జీతము. ఎక్కరాని గట్లకు ఒక కంచె. డచ్చి సమాధులకు సున్నము. సిమెంటు కాదు, సున్నము. నీవు చెప్పిన పలకగూడ నుండనిమ్ము, తెలుఁగులో.

జంగముఁడు: ఇదంతయుఁ జేయుటే కదా యాత్రికులకు వసతి కల్పించుట! మొదట నేనన్నది మాత్రమేమి?

స్థావరుఁడు: కాదు. నీవు వచ్చువానికి వసతి యంటివి, నేను ఉన్నదానికి కావలి యంటిని. ఖాతాలు వేఱు. కలిపి వ్రాసితిమా, మొదటిదానిలోని అప్పు రెండవదానిలోని నిలువను తిని కూర్చుండును. ఏ కచేరీలోనైనను జరుగు పని యిదే.

జంగముఁడు: రోడ్డు మీఁదనుండి పోవలదంటిరి. వేఱు త్రోవ యున్నదా? నేను పోయిననాఁడు కనఁబడలేదు.

స్థావరుఁడు: ఎట్లు కనఁబడును? నీవు కారులోఁ బోయితివి. విశాఖలో 900కె నంబరు సిటీబస్సెక్కి, భీమునిపట్టణము వఱకుఁ బోక దిబ్బల మలుపుననే దిగుము. గట్టు నెక్కకుము. జీడిమామిడిచెట్ల ప్రక్కగా పల్లమున కొక వాఁగు దిగును. ఎండకాలమున వట్టియిసుక, వానలు వెలసిన పిదప చీలమండ తడియునంత నీరు. ఆ వాఁగులోనే నడువవలెను, అది ఎట్లు తిరిగిన నీవును అట్లే తిరుగవలెను. గోడలను ముట్టకుము. వాన కురిసిన మఱునాఁడు పోకుము, అంచులు నానియుండును. కార్తికమాసమున, ఎండ యెక్కకముందే పొమ్ము. వాఁగు నిన్ను సముద్రమునకుఁ జేర్చును. అచ్చటినుండి ఉత్తరముగా తీరము వెంటనే నడచిపోయిన ఎడమచేతివైపు పావురాళ్లకొండ, ఎదుట గోస్తని మొగ. నీళ్లసీసా నిచ్చటినుండియే పట్టుకొనిపొమ్ము, ఆ త్రోవలో దుకాణము లేదు.